కణితి చుట్టూ ఊరు: వైరస్ ప్రొటీన్లు క్యాన్సర్ పరిసరాన్ని ఎలా మలుచుకుంటాయి?

హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ వచ్చిన లింఫు గ్రంథి నుంచి పల్చటి ముక్క కోసి, రంగు అద్ది, మైక్రోస్కోప్ కింద పెడితే ముందు కంటపడేది క్యాన్సర్ కాదు. ఊదారంగు చుక్కల్లా వందల కొద్దీ మామూలు తెల్లకణాలు కిక్కిరిసి ఉంటాయి. వాటి మధ్య ఎక్కడో ఒకచోట ఒక పెద్ద కణం. అందులో రెండు కేంద్రకాలు, ఒక్కోదాని నడుమ ఎర్రటి మచ్చ, అచ్చం గుడ్లగూబ కళ్లలా. దాని పేరు రీడ్-స్టెర్న్‌బెర్గ్ కణం. అసలు క్యాన్సర్ కణం అదొక్కటే. చాలా కేసుల్లో ఇవి మొత్తం గడ్డలో నూటికి ఒకటో రెండో ఉంటాయి. మిగతావన్నీ ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే.

అంతమంది కాపలావాళ్ల మధ్య ఆ ఒక్క కణం ఎలా బతుకుతోంది? హాడ్జ్‌కిన్ కేసుల్లో కొన్నింటిలో ఆ పెద్ద కణం లోపల ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఉంటుంది. ఆ వైరస్ తయారు చేయించే రెండు మూడు ప్రొటీన్లు కణం లోపలి పనులను మార్చడంతో ఆగవు, చుట్టూ ఉన్నవాళ్లను కూడా మారుస్తాయి. వైరస్‌లతో ముడిపడిన క్యాన్సర్లన్నింటిలోనూ ఈ కథ ఏదో ఒక రూపంలో నడుస్తుంది. రోగనిరోధక కణాలను క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యూనోథెరపీ మందులు కొందరికి బాగా పనిచేసి, కొందరికి ఎందుకు పనిచేయడం లేదన్న చర్చలో ‘కణితి పరిసరం’ అన్న మాట తరచూ వినిపిస్తోంది. ఆ మాటకు అర్థమేమిటో, అందులో వైరస్ చేయి ఎంతో విడదీసి చూద్దాం.

కణితి అంటే క్యాన్సర్ కణాల ముద్ద మాత్రమే కాదు

కణితిని ఒక ఊరనుకుంటే క్యాన్సర్ కణాలు అందులో ఒక వర్గం మాత్రమే. కణజాలానికి పీచులా నిర్మాణం ఇచ్చే ఫైబ్రోబ్లాస్ట్‌లు ఉంటాయి. ఆక్సిజన్, ఆహారం తెచ్చే రక్తనాళాలు ఉంటాయి. చెత్త తినే మాక్రోఫేజ్‌లు, జబ్బు కణాలను చంపే కిల్లర్ టీ కణాలు, పోరు మితిమీరకుండా పగ్గం వేసే రెగ్యులేటరీ టీ కణాలు తిరుగుతుంటాయి. వీళ్లందరి మధ్య సైటోకైన్లు, కీమోకైన్లు అనే రసాయన సంకేతాలు నడుస్తాయి. కీమోకైన్ అంటే ‘ఇటు రండి’ అనే పిలుపు. సైటోకైన్ అంటే ‘పెరుగు’, ‘ఆగు’, ‘చంపు’, ‘ఊరుకో’ లాంటి ఆదేశం. ఈ మొత్తాన్నీ కణితి పరిసరం అంటారు.

ఇంకో మాట కూడా ముందే తెలుసుకోవాలి. శరీరంలో దాదాపు ప్రతి కణమూ తన లోపల తయారవుతున్న ప్రొటీన్లలోంచి చిన్న ముక్కలు తీసి, హెచ్‌ఎల్‌ఏ అనే అణువుల మీద పెట్టి, బయటికి చూపిస్తూ ఉంటుంది. దారిన పోయే టీ కణం వాటిని తడిమి చూస్తుంది. సొంత ముక్కలైతే వదిలేస్తుంది, పరాయి ముక్క తగిలితే ఆ కణాన్ని చంపేస్తుంది. వైరస్ సోకిన కణం పట్టుబడేది ఇలాగే. అందుకే ఈ ముక్కల ప్రదర్శనను అడ్డుకోవడం వైరస్‌లకు చావుబతుకుల సమస్య.

లెక్కలో ఏడు వైరస్‌లు

కోళ్లలో క్యాన్సర్ తెప్పించే వైరస్‌ను పేటన్ రౌస్ 1911లోనే చూపించారు. ఆయనకు నోబెల్ వచ్చింది 1966లో. మనుషుల విషయంలో సాధారణంగా ఏడు వైరస్‌లను లెక్కపెడతారు: హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్), హెపటైటిస్-బీ, హెపటైటిస్-సీ, ఎప్‌స్టీన్-బార్, కపోసీ సార్కోమా హెర్పిస్ వైరస్, హెచ్‌టీఎల్‌వీ-1, మెర్కెల్ సెల్ పాలియోమా వైరస్. హెచ్‌ఐవీ వల్ల కూడా క్యాన్సర్లు పెరుగుతాయి కానీ దాని దారి వేరు. అది కాపలాను బలహీనపరచి, మిగతా వైరస్‌లకు తలుపు తీస్తుంది.

2018లో ప్రపంచవ్యాప్తంగా వచ్చిన కొత్త క్యాన్సర్లలో సుమారు 22 లక్షలు, అంటే దాదాపు 13 శాతం, ఏదో ఒక ఇన్ఫెక్షన్ వల్ల వచ్చినవేనని అంచనా. అందులో 8.1 లక్షలు హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఖాతాలోవి. తర్వాతి స్థానాలు వైరస్‌లవి: హెచ్‌పీవీ వల్ల 6.9 లక్షలు, హెపటైటిస్-బీ వల్ల 3.6 లక్షలు, హెపటైటిస్-సీ వల్ల 1.6 లక్షలు.

అయితే సోకిన వాళ్లందరికీ క్యాన్సర్ రాదు. ఎప్‌స్టీన్-బార్ వైరస్ ప్రపంచంలో పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా ఉంటుంది, వాళ్లలో అతి కొద్దిమందికే దానివల్ల క్యాన్సర్ వస్తుంది. వైరస్ ఉండటం అవసరమే కానీ, అదొక్కటే సరిపోదు. ఆ మిగిలిన భాగంలో చాలా వరకు ఉన్నది పరిసరంలోనే.

క్యాన్సర్ వల్ల వైరస్‌కు ఒరిగేదేమీ లేదు

చాలామంది ఇక్కడే పొరబడతారు. వైరస్ కావాలని క్యాన్సర్ తెప్పిస్తుందని అనుకుంటారు. నిజానికి క్యాన్సర్‌గా మారిన కణం వైరస్‌కు చాలాసార్లు దారి మూసుకుపోయిన సందు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో ఎక్కువ భాగం కణాల్లో హెచ్‌పీవీ జన్యుపదార్థం తెగిపోయి మనిషి క్రోమోజోమ్‌లో అతుక్కుని ఉంటుంది. అక్కడి నుంచి కొత్త వైరస్‌లు పుట్టలేవు, మరొకరికి సోకలేవు.

మరి ఆ ప్రొటీన్లు ఎందుకున్నాయి? వైరస్‌కు కావాల్సినవి రెండే: తనను తాను నకలు చేసుకునే యంత్రాంగం, ఎవరికీ కనబడకుండా ఎక్కువ కాలం ఉండే వీలు. మొదటిదాని కోసం కణ విభజనను తట్టి లేపుతుంది. రెండోదాని కోసం చుట్టూ కాపలాను నిద్రపుచ్చుతుంది. ఈ రెండూ ఒకే కణంలో ఏళ్ల తరబడి సాగితే, మధ్యలో జన్యువుల్లో తప్పులు పేరుకుంటూ పోతే, చివరికి తయారయ్యేది సరిగ్గా కణితికి కావాల్సిన పరిసరం. వైరస్ తన బతుకు కోసం వేసుకున్న గుడిసెలో క్యాన్సర్ కాపురం పెడుతుంది.

ఒక్క కణం వెంట నడిచి చూద్దాం: హెచ్‌పీవీ ఉదాహరణ

హెచ్‌పీవీ జన్యుపదార్థం సుమారు 8 వేల అక్షరాలు, జన్యువులు ఎనిమిదో తొమ్మిదో. పిట్ట కొంచెం, కూత ఘనం. గర్భాశయ ముఖద్వారం పొరలో కంటికి కనిపించనంత చిన్న గీరుడు పడితే చాలు, వైరస్ అడుగు వరుస కణాల్లోకి చేరుతుంది. ఆ కణాలు విభజన చెంది పైకి జరిగే కొద్దీ ముదిరి, విభజన ఆపేస్తాయి. వైరస్‌కు ఇది ఇబ్బంది, ఎందుకంటే డీఎన్‌ఏను నకలు తీసే యంత్రాంగం విభజన ఆగిన కణంలో ఉండదు.

అప్పుడు ఈ7 అనే ప్రొటీన్ రంగంలోకి దిగుతుంది. విభజనకు బ్రేకులా పనిచేసే ఆర్బీ ప్రొటీన్‌ను పట్టుకుని పక్కకు లాగేస్తుంది. కణం మళ్లీ డీఎన్‌ఏ నకలు తీయడం మొదలుపెడుతుంది. వేళ కాని వేళ ఇలా జరిగితే పీ53 అనే కాపలా ప్రొటీన్ పసిగట్టి, కణాన్ని ఆత్మహత్యకు పురమాయించాలి. ఆ పని జరగకుండా ఈ6 అనే ప్రొటీన్, మన కణంలోనే ఉండే ఈ6ఏపీ అనే ఎంజైమ్‌ను తోడు తెచ్చుకుని, పీ53కి ‘పారేయాల్సిన సరుకు’ అన్న గుర్తు వేయిస్తుంది. కణంలోని చెత్త యంత్రం పీ53ను ముక్కలు చేసేస్తుంది.

పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తాయి. అసలు విషయం ఈ గోడ దాటాకే ఉందని నా నమ్మకం. అదే కణం బయట ఏం జరుగుతోందో వరుసగా చూడండి.

కణద్రవంలో డీఎన్‌ఏ కనబడటం అసహజం కాబట్టి, అలా కనబడితే మోగే గంట ఒకటి మన కణాల్లో ఉంది. దాన్ని సీగ్యాస్-స్టింగ్ మార్గం అంటారు. అది మోగితే ఇంటర్‌ఫెరాన్ విడుదలై పక్క కణాలను అప్రమత్తం చేస్తుంది. ఈ7 వెళ్లి స్టింగ్‌నే పట్టుకుంటుంది, గంట మూగబోతుంది. ఈ6 మరో పక్క నుంచి ఇంటర్‌ఫెరాన్ జన్యువులను నడిపించే ఐఆర్‌ఎఫ్3ని అడ్డుకుంటుంది. ఈ5 అనే మూడో ప్రొటీన్ హెచ్‌ఎల్‌ఏ అణువులను కణం ఉపరితలానికి పోనీయకుండా లోపలే గోల్జీ సంచుల దగ్గర ఆపేస్తుంది. పరాయి ముక్కలు బయటికి కనిపించడం తగ్గిపోతుంది.

చర్మంలోనూ, ఇలాంటి పొరల్లోనూ లాంగర్‌హాన్స్ కణాలనే గస్తీ కణాలు ఉంటాయి. ఈ-క్యాథెరిన్ అనే జిగురు ప్రొటీన్ సాయంతో అవి పొర కణాలను పట్టుకుని నిలబడతాయి. సీసీఎల్20 అనే పిలుపు విని అక్కడికి చేరతాయి. హెచ్‌పీవీ ప్రొటీన్లు ఆ జిగురునూ తగ్గిస్తాయి, ఆ పిలుపునూ తగ్గిస్తాయి. కాపలావాళ్లను ఎవరూ చంపలేదు, నిలబడేందుకు చోటు లేకుండా చేశారంతే. సోకిన పొరలో ఆ గస్తీ కణాలు పలచబడిపోతాయి.

తర్వాత ఆహారం సంగతి. ఈ6, ఈ7 రెండూ హెచ్‌ఐఎఫ్-1 అనే ప్రొటీన్‌కు ఊతమిస్తాయి. ఆక్సిజన్ తగ్గినప్పుడు మాత్రమే అది చురుగ్గా ఉండాలి. అది చురుగ్గా ఉంటే వీఈజీఎఫ్ అనే సంకేతం వెళ్లి కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. అవి మామూలు నాళాల్లా పద్ధతిగా ఉండవు. వంకరటింకరగా, కారుతూ ఉంటాయి, టీ కణాలు వాటి గోడ దాటి లోపలికి రావడమూ కష్టమవుతుంది. ఇంకోపక్క ముదిరిన కణితి విడుదల చేసే ఐఎల్-6 లాంటి సంకేతాలకు లోబడి, అక్కడికి వచ్చిన మాక్రోఫేజ్‌లు పోరాటం మాని మరమ్మతు పనిలో పడతాయి. కణజాలాన్ని కోసి దారి చేసే ఎంజైములు, పోరును చల్లార్చే సంకేతాలు వదులుతాయి. కంచే చేను మేసినట్టు, కాపలా కణాలే కణితి విస్తరణకు బాట వేస్తాయి.

మూడు చిన్న ప్రొటీన్లతో ఇంత జరుగుతుంది. ఇదంతా ఒక్కరోజు పని కాదు, సోకిన నాటి నుంచి క్యాన్సర్ దాకా సాధారణంగా పదేళ్లు, ఇరవై ఏళ్లు, అంతకు మించి కూడా పడుతుంది. చాలామందిలో ఈ లోపే రోగనిరోధక వ్యవస్థ వైరస్‌ను అణిచేస్తుంది.

ఈ ప్రొటీన్లు మొదట్లో నిప్పు పెట్టి వెళ్లిపోయేవి కావు, చివరి దాకా కణితి వాటి మీదే ఆధారపడుతుంది. దీనికి గట్టి ఆధారం హీలా కణాలు. 1951లో హెన్రియెట్టా ల్యాక్స్ అనే మహిళ గర్భాశయ ముఖద్వార కణితి నుంచి తీసిన ఆ కణాలు నేటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. వాటిలో హెచ్‌పీవీ-18 అనే రకం వైరస్ ఉంది. వైరస్ క్రోమోజోమ్‌లో అతుక్కునేటప్పుడు ఈ2 అనే జన్యువు తెగిపోవడం వల్ల ఈ6, ఈ7లకు పగ్గాలు లేకుండా పోయాయి. ప్రయోగశాలలో ఆ ఈ2ను తిరిగి లోపల పెడితే ఈ6, ఈ7 ఆగిపోతాయి. ఆగకుండా దశాబ్దాలుగా విభజన చెందుతున్న కణాలు విభజన ఆపి ముసలివైపోతాయి.

పెద్ద వైరస్‌ల పద్ధతి వేరు: మన జన్యువులకే నకిలీలు

హెచ్‌పీవీకి సామాను తక్కువ కాబట్టి మన కణంలోని పరికరాలనే వాడుకుంటుంది. హెర్పిస్ కుటుంబం వైరస్‌లకు చోటుకు కరవు లేదు. ఎప్‌స్టీన్-బార్, కపోసీ వైరస్‌ల జన్యుపదార్థం ఒక్కోదానిదీ లక్షన్నర అక్షరాలకు పైమాటే. పరిణామ క్రమంలో ఇవి మనలాంటి జీవుల జన్యువులను ఎత్తుకెళ్లి, మార్చుకుని, సొంతం చేసుకున్నాయి.

కపోసీ వైరస్ తెచ్చే కపోసీ సార్కోమా అనే క్యాన్సర్ మచ్చను దగ్గరగా చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. చర్మం మీద ఊదా, గోధుమ రంగు మచ్చ, నొక్కినా పూర్తిగా తెల్లబడదు. లోపల కదురు ఆకారంలో కణాలు, వాటి మధ్య చీలికల్లాంటి సందులు, ఆ సందుల్లో నాళాల్లోంచి బయటపడ్డ ఎర్రకణాలు. ఆ రంగు రక్తానిదే. కణితి సగం రక్తనాళాల అల్లిక, సగం వాపు.

ఆ అల్లికలో వైరస్ వాటా చూడండి. వైరస్ తయారు చేయించే ఐఎల్-6 నకిలీ, మన ఐఎల్-6 లాంటిదే కానీ ఒక తేడా ఉంది. మన ఐఎల్-6 కణంలోకి సందేశం పంపాలంటే సంకేతాన్ని అందుకునే రిసెప్టర్లు రెండు రకాలవి కలవాలి. అవి లేని కణం ఆ మాట వినదు, అదొక అదుపు. వైరస్ నకిలీకి మొదటి రిసెప్టర్ అక్కర్లేదు, జీపీ130 అనే రెండోదాన్నే నేరుగా తడుతుంది. ఆ రెండోది దాదాపు అన్ని కణాల మీదా ఉంటుంది. అంటే ఎవరికి పడితే వారికి వినబడే ఆదేశం. అలాగే వీజీపీసీఆర్ అనే మరో ప్రొటీన్ మన కీమోకైన్ రిసెప్టర్‌కు నకిలీ. అసలుది పిలుపు వచ్చినప్పుడే పనిచేస్తుంది. నకిలీది స్విచ్ వేసి వదిలేసిన దీపంలా ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, వీఈజీఎఫ్ పుట్టిస్తూనే ఉంటుంది. ఇవి చాలవన్నట్టు కే3, కే5 అనే మరో రెండు ప్రొటీన్లు కణం మీదున్న హెచ్‌ఎల్‌ఏను లోపలికి లాగించి నాశనం చేయిస్తాయి.

ఇక్కడ శాస్త్రవేత్తల మధ్య ఎన్నాళ్లుగానో తేలని చిక్కు ఒకటుంది. మచ్చలోని ఎక్కువ కణాల్లో వైరస్ నిద్రాణంగా ఉంటుంది, ఆ దశలో తయారయ్యేది లానా లాంటి కొద్ది ప్రొటీన్లే. వీజీపీసీఆర్ తయారయ్యేది వైరస్ మేల్కొన్న కొద్ది కణాల్లోనే, అవి కాసేపట్లో చనిపోతాయి కూడా. అంత తక్కువమంది మొత్తం మచ్చను ఎలా నడుపుతారు? ఒక వర్గం వాదన ప్రకారం ఆ కొద్ది కణాలు వదిలే సంకేతాలే చుట్టుపక్కల వందల కణాలను పెంచుతాయి, పోయినవాటి స్థానంలో కొత్తవి మేల్కొంటూ ఉంటాయి. మరో వర్గం నిద్రాణ దశ ప్రొటీన్లకే ప్రధాన పాత్ర ఇస్తుంది. మొదటి వాదన నిజమైన మేరకు ఈ కణితి ‘ఒక్క చెడ్డ కణం సంతానం’ అన్న మామూలు నమూనాకు ఒదగదు.

ఎప్‌స్టీన్-బార్ వైరస్ దగ్గరికి మళ్లీ వద్దాం. దాని ఎల్‌ఎంపీ1 ప్రొటీన్ యాంటీబాడీలు తయారు చేసే మన బీ కణాల మీదుండే సీడీ40 రిసెప్టర్‌ను అనుకరిస్తుంది. ఎల్‌ఎంపీ2ఏ ఏమో బీ కణం బతకడానికి అవసరమైన సొంత రిసెప్టర్ సంకేతాన్ని అనుకరిస్తుంది. ఆ సంకేతం అందని బీ కణం చనిపోవాలి. రీడ్-స్టెర్న్‌బెర్గ్ కణం అలాంటి, చావాల్సిన బీ కణమే. ఎల్‌ఎంపీ1 ఇంకో పని కూడా చేస్తుంది. కణం మీద పీడీ-ఎల్1ను పెంచుతుంది. టీ కణం మీదుండే పీడీ-1కు అది తగిలితే టీ కణం చల్లబడిపోతుంది.

ముక్కు వెనక భాగంలో వచ్చే నేసోఫారింజియల్ క్యాన్సర్‌లో ఈ పద్ధతి మరింత దూరం వెళ్తుంది. ఆ కణితులు తెల్లకణాలతో కిటకిటలాడుతుంటాయి, అయినా పెరుగుతాయి. క్యాన్సర్ కణాలు ఎక్సోసోమ్‌లనే అతి చిన్న బుడగలను బయటికి వదులుతాయి. వాటిలో ఎల్‌ఎంపీ1, గాలెక్టిన్-9 లాంటివి ఉన్నట్టు పరిశోధకులు గుర్తించారు. గాలెక్టిన్-9 తగిలిన టీ కణాలు చనిపోతాయి. వైరస్ సోకని కణాల దాకా వైరస్ ప్రభావం చేరడానికి ఈ బుడగలు ఒక దారి.

ఎక్కువ ప్రొటీన్లు తయారైతే పట్టుబడే ప్రమాదం కూడా ఎక్కువే

ప్రతి వైరస్ ప్రొటీన్ ఒక ఆయుధం, అదే సమయంలో ఒక గుర్తింపు చీటీ. అది ఎంత పనిచేసినా పరాయిదే కాబట్టి, దాని ముక్క హెచ్‌ఎల్‌ఏ మీద కనబడితే కణం దొరికిపోతుంది. అందుకే ఏ ప్రొటీన్‌ను ఎప్పుడు తయారు చేయించాలి, ఎప్పుడు ఆపాలి అన్నది వైరస్‌కు చాలా పెద్ద లెక్క.

ఎప్‌స్టీన్-బార్ వైరస్ బీ కణాన్ని పెంచే ప్రొటీన్లన్నీ ఒకేసారి తయారు చేయించగలదు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో అలా చేస్తే టీ కణాలు వదలవు. అందుకే ఆ దశ లింఫోమాలు ఎక్కువగా కనిపించేది, అవయవ మార్పిడి తర్వాత టీ కణాలను మందులతో అణిచి ఉంచినవాళ్లలోనే. కాపలా గట్టిగా ఉన్నచోట వైరస్ నోరు కట్టుకుంటుంది. బర్కిట్ లింఫోమా అనే బీ కణాల క్యాన్సర్‌లో సాధారణంగా ఈబీఎన్‌ఏ1 అనే ఒక్క ప్రొటీన్‌తోనే సరిపెట్టుకుంటుంది. దానిలో గ్లైసిన్, అలానిన్ అనే అమైనో ఆమ్లాలు మళ్లీ మళ్లీ వచ్చే పొడవాటి భాగం ఉంది. దానివల్ల ఆ ప్రొటీన్ ముక్కలు హెచ్‌ఎల్‌ఏ మీదికి చేరడం బాగా తగ్గుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఆ సామెతకు ఇంతకన్నా సరైన ఉదాహరణ నాకు తెలియదు.

హెచ్‌టీఎల్‌వీ-1 మరింత కఠినంగా ఉంటుంది. ఇది టీ కణాల్లోనే దూరి, దశాబ్దాల తర్వాత కొద్దిమందిలో ల్యుకేమియా తెప్పిస్తుంది. ట్యాక్స్ అనే దాని ప్రొటీన్ మొదట్లో కణాన్ని ఉరకలెత్తిస్తుంది. అయితే టీ కణాలు అన్నింటికన్నా బాగా గుర్తుపట్టేది కూడా ట్యాక్స్‌నే. ముదిరిన ల్యుకేమియా కణాల్లో చాలా వాటిలో ట్యాక్స్ జాడ ఉండదు, దాన్ని నడిపించే డీఎన్‌ఏ భాగం తెగిపోయో మూతపడిపోయో ఉంటుంది. ఏరు దాటాక తెప్ప తగలేసిన బాపతు. చివరి దాకా మిగిలేది హెచ్‌బీజెడ్ అనే మరో జన్యువు. అది కణంలో ఫాక్స్‌పీ3 అనే ప్రొటీన్‌ను ప్రేరేపించి, దానికి రెగ్యులేటరీ టీ కణం పోలికలు తెస్తుంది. అంటే క్యాన్సర్ కణమే పోరును చల్లార్చే కణం వేషం వేసుకుంటుంది.

కాలేయంలో తప్పు ప్రొటీన్‌దా, గాయానిదా?

హెపటైటిస్ వైరస్‌ల విషయంలో వాదన ఇంకా గట్టిగా సాగుతుంది. ఒక పక్షం ఇలా అంటుంది: ఈ వైరస్‌లు కాలేయ కణాలను పెద్దగా మార్చవు. రోగనిరోధక వ్యవస్థ ఏళ్ల తరబడి సోకిన కణాలను చంపుతూ పోతుంది, చచ్చిన చోట కొత్తవి పుడుతూ ఉంటాయి. ఫైబ్రోబ్లాస్ట్ లాంటి స్టెల్లేట్ కణాలు పీచు పేరుస్తాయి, కాలేయం గట్టిపడి సిరోసిస్ అవుతుంది. ఆ గాయం-మరమ్మతు చక్రంలోనే జన్యువుల్లో తప్పులు పడి క్యాన్సర్ పుడుతుంది. హెపటైటిస్-సీ ఆర్‌ఎన్‌ఏ వైరస్, మన డీఎన్‌ఏలో అతుక్కోదు. దాని వల్ల వచ్చే కాలేయ క్యాన్సర్లు ఎక్కువ భాగం సిరోసిస్ వచ్చిన కాలేయంలోనే వస్తాయి. ఇవన్నీ ఈ పక్షానికి బలం.

వైరస్ ప్రొటీన్లే నేరుగా కారణమనే రెండో పక్షం దగ్గరా ఆధారాలున్నాయి. హెపటైటిస్-సీ కోర్ ప్రొటీన్‌ను మాత్రమే జన్యుమార్పిడితో ఎలుకల్లో పెడితే, కొన్ని ఎలుకల జాతుల్లో పెద్ద వాపేమీ లేకుండానే కాలేయ క్యాన్సర్ వచ్చింది. అదే వైరస్‌కు చెందిన ఎన్‌ఎస్3/4ఏ అనే కత్తెర ప్రొటీన్, ఇంటర్‌ఫెరాన్ గంటకు తీగలాంటి మావ్స్‌ను తెంపేస్తుంది. హెపటైటిస్-బీ అయితే క్రోమోజోమ్‌లలో అతుక్కుంటుంది కూడా, సిరోసిస్ లేకుండానే క్యాన్సర్ తెప్పించగలదు. దాని హెచ్‌బీఎక్స్ ప్రొటీన్ మన కణంలోని ఎస్‌ఎంసీ5/6 అనే కాపలా బృందాన్ని నాశనం చేయిస్తుందని 2016లో తేలింది. ఆ బృందం పనే వైరస్ డీఎన్‌ఏ నోరు నొక్కడం. ఇక హెపటైటిస్-బీ ఉపరితల యాంటీజెన్ సంగతి: అసలు వైరస్ కణాలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా, లోపల ఏమీ లేని డొల్ల కణాలుగా అది రక్తంలోకి వచ్చిపడుతుంది. ఏళ్ల తరబడి ఆగకుండా కనబడే శత్రువును చూసి చూసి టీ కణాలు అలసిపోతాయి.

రెండు పక్షాలనూ కలిపి చూడటమే సబబనిపిస్తుంది. హెపటైటిస్-సీని మందులతో పూర్తిగా నయం చేస్తే కాలేయ క్యాన్సర్ ముప్పు బాగా తగ్గుతుంది, కానీ సిరోసిస్ ఉన్నవాళ్లలో సున్నా కాదు. వైరస్ పోయాక ప్రొటీన్లూ పోతాయి, పరిసరం మాత్రం అంత తొందరగా మామూలు కాదు.

పరాయి ప్రొటీన్ ఉంటే చికిత్సకు తేలికా?

క్యాన్సర్ కణాన్ని టీ కణం పట్టుకోవాలంటే అందులో ఏదో ఒక అసహజమైన ముక్క కనబడాలి. వైరస్ లేని క్యాన్సర్లలో ఆ అసహజత్వం మ్యుటేషన్ల నుంచి, అంటే జన్యువుల్లో పడ్డ తప్పుల నుంచి రావాలి. వైరస్ ఉన్నచోట ఒక పరాయి ప్రొటీన్ సిద్ధంగానే ఉంది. కాబట్టి ఈ క్యాన్సర్లు ఇమ్యూనోథెరపీకి బాగా లొంగాలి కదా?

మెర్కెల్ సెల్ కార్సినోమా అనే అరుదైన చర్మ క్యాన్సర్ ఈ ప్రశ్నకు చక్కటి పరీక్ష. చాలా కేసుల్లో పాలియోమా వైరస్ ఉంటుంది, వాటిలో మ్యుటేషన్లు చాలా తక్కువ. మిగతా కేసుల్లో వైరస్ ఉండదు, ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల పడ్డ మ్యుటేషన్లు విపరీతం. 2016లో వెలువడిన ఒక చిన్న ట్రయల్‌లో పీడీ-1ను అడ్డుకునే పెంబ్రోలిజుమాబ్ ఇస్తే మొత్తం మీద 56 శాతం మందిలో కణితి గణనీయంగా తగ్గింది. వైరస్ ఉన్నవాళ్లలో 62 శాతం, లేనివాళ్లలో 44 శాతం. రోగులు పాతిక మందే కాబట్టి ఆ తేడాకు పెద్ద అర్థం చెప్పుకోకూడదు. రెండు వర్గాలూ స్పందించాయన్నదే ముఖ్యం. వేల మ్యుటేషన్లు చేసే పనిని అక్కడ ఒకటి రెండు వైరస్ ప్రొటీన్లు చేస్తున్నాయి.

గొంతు వెనక భాగంలో వచ్చే ఓరోఫారింజియల్ క్యాన్సర్‌లోనూ ఇలాంటి తేడా కనబడింది. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో మూడేళ్ల తర్వాత బతికున్నవాళ్లు హెచ్‌పీవీ ఉన్న కణితుల్లో 82.4 శాతం, లేని కణితుల్లో 57.1 శాతం. ఇది టీ కణాల గొప్పతనమేనని కొందరంటారు. అదొక్కటే కాదని మరికొందరు చెబుతారు: హెచ్‌పీవీ ఉన్న రోగులు సగటున వయసులో చిన్నవాళ్లు, పొగ తక్కువ తాగినవాళ్లు, వాళ్ల కణాలు రేడియేషన్‌కు ఎక్కువ లొంగుతాయి. రెండు మాటల్లోనూ నిజముంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన ఫలితం ఇంకొకటి. ముదిరిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్న 9 మంది మహిళలకు, వాళ్ల కణితుల్లోంచే టీ కణాలు తీసి, పెంచి, తిరిగి ఎక్కించారు. 2015లో వెలువడిన ఈ ట్రయల్‌లో ముగ్గురు స్పందించారు, ఇద్దరిలో కణితి పూర్తిగా మాయమైంది. హెచ్‌పీవీ ప్రొటీన్లను గుర్తుపట్టే టీ కణాలనే ఏరి ఎక్కించారు కాబట్టి ఘనత వాటిదేనని అందరూ అనుకున్నారు. 2017లో ఆ ఇద్దరి టీ కణాలను విడివిడిగా పరీక్షిస్తే తేలింది వేరు. వాటిలో ఎక్కువ భాగం గురిపెట్టింది వైరస్ ప్రొటీన్ల మీద కాదు, మ్యుటేషన్ల వల్ల పుట్టిన కొత్త ముక్కల మీద, మరో రకం సొంత ప్రొటీన్ల మీద. ఏళ్ల తరబడి వైరస్ ప్రొటీన్లను చూసిన టీ కణాలు అలసిపోయి ఉండొచ్చన్నది దీనికి ఒక వివరణ. పరాయి ప్రొటీన్ ఉన్నంత మాత్రాన అదే అసలు గురి అవుతుందన్న నమ్మకాన్ని ఈ ఫలితం కదిలించింది.

అయితే నేరుగా వైరస్ ప్రొటీన్ల మీదే గురిపెట్టి గెలిచిన సందర్భమూ ఉంది. అవయవ మార్పిడి తర్వాత వచ్చే ఎప్‌స్టీన్-బార్ లింఫోమాలకు, ఆ వైరస్‌ను గుర్తుపట్టే టీ కణాలను ఆరోగ్యవంతులైన దాతల నుంచి తీసి తయారు చేసిన టాబెలెక్ల్యూసెల్‌కు 2022 డిసెంబరులో ఐరోపాలో అనుమతి వచ్చింది. అలసిపోని, బయటి నుంచి వచ్చిన టీ కణాలు, అన్ని ప్రొటీన్లూ బయటపెట్టుకున్న వైరస్. ఇక్కడ రెండూ కలిసొచ్చాయి.

మూడు నెలల్లో మాయమైన మచ్చలు

పరిసరాన్ని మారిస్తే ఏమవుతుందో చూపించే ప్రయోగం ఒకటి 2005లో ఇటలీ వైద్యులు ప్రచురించారు. అందులో ఉన్నది మూత్రపిండ మార్పిడి జరిగాక కపోసీ సార్కోమా వచ్చిన 15 మంది రోగులు. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా సైక్లోస్పోరిన్ వాడుతున్నారు. దాన్ని ఆపితే మచ్చలు తగ్గొచ్చు, కానీ కిడ్నీ పోయే ప్రమాదం. వైద్యులు సైక్లోస్పోరిన్ ఆపి, దాని బదులు సిరోలిమస్ ఇచ్చారు. ఇదీ రోగనిరోధక శక్తిని అణిచే మందే.

మూడు నెలల్లో 15 మందికీ చర్మం మీది మచ్చలు పోయాయి. ఆరు నెలలప్పుడు తీసిన బయాప్సీల్లో కూడా జబ్బు కనబడలేదు. కిడ్నీని శరీరం తిప్పికొట్టిన దాఖలా ఒక్కరిలోనూ లేదు. ఈ మందు వైరస్‌ను చంపే యాంటీవైరల్ కాదు.

దీనికి రెండు వివరణలున్నాయి. కణాల పెరుగుదలను నడిపించే ఎంటార్ అనే ప్రొటీన్‌ను సిరోలిమస్ అడ్డుకుంటుంది కాబట్టి, వీజీపీసీఆర్ లాంటివి నడిపించే వీఈజీఎఫ్ దారి మూసుకుపోయి రక్తనాళాల అల్లిక కుప్పకూలిందన్నది ఒకటి. సైక్లోస్పోరిన్ తొలగడంతో వైరస్‌ను గుర్తుపట్టే టీ కణాలు తిరిగి కోలుకున్నాయన్నది రెండోది. ఒకటి నాళాల గురించి, ఒకటి కాపలా గురించి. రెండింటిలో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పడం కష్టం, ఎందుకంటే ఆ వైరస్ ప్రొటీన్లు మొదటి నుంచీ రెండింటినీ కలిపే మార్చాయి.